టక్కుమన్నదే ఫోటో

8 నవంబరు 1981, ఆదివారం

తమ్ముడు హరనాథబాబు పొద్దున బస్సుకు వచ్చాడు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. ఓడ ఉద్యోగం వాడిది. నేల మీద కూర్చున్నా కాళ్లు ఊపుతూనే ఉంటాడు. సింగపూర్‌లో కొన్న కెమెరా ఒకటి తెచ్చి చూపించాడు. ఒలింపస్ ఎక్స్‌ఎ. నల్లగా, సబ్బుబిళ్ల కన్నా కాస్త పెద్దది. ముందున్న మూత పక్కకు జరిపితే లెన్సు కనిపిస్తుంది, మూసేస్తే అది కెమెరా అని ఎవరూ అనుకోరు. తర్వాత నా అగ్ఫా క్లిక్‌ను చేతిలోకి తీసుకుని, వంకాయ తూకం చూసినట్టు ఊపి, అక్కా ఇది కెమెరానా టిఫిన్ డబ్బానా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. 1969లో నేను హెచ్చెస్సీ పాసైతే నాన్న కొనిచ్చిన డబ్బా అది. పన్నెండేళ్లలో ఒక్కసారి రిపేరుకు పోలేదు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు, మధ్యలో వేరే మాట లేదు. నొక్కితే పడుతుంది. ఈ మాటే వాడితో అన్నాను.

అయితే పందెం అన్నాడు. ఒకే వస్తువును రెండింటితోనూ తీయాలట. ఏది మంచిదో నిజాయితీగా రాసి పంపాలట. వాడిది గెలిస్తే నా డబ్బా పారేయాలి. నాది గెలిస్తే వాడి కెమెరా నాకే ఇచ్చేస్తాడు. అదేం పందెమో, గెలిచినదానికి చెడ్డది బహుమతి. సరే అన్నాను.

ఫిల్ము వాడే ఎక్కించాడు. రంగుల ఫిల్ము, ముప్పై ఆరు ఫోటోలు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను, ఎలా ఎక్కించాడో చూడలేదు. పుస్తకంలో అంతా ఉంది చదువుకో, నువ్వు టీచరువి కదా అని వెళ్లాడు.

9 నవంబరు, సోమవారం

పుస్తకం పందొమ్మిదో పేజీ దాకా చదివాను. ఆవాలంత అక్షరాలు. ఫోకస్ ఎలా, వెలుతురు ఎలా, ఎక్కడ నొక్కాలి, ఇంతవరకు వచ్చింది. ఫోటో తీయడానికి ఇది చాలు. మిగతాది తర్వాత.

12 నవంబరు, గురువారం

కాలువ తూము, తూము పక్కన పడుకున్న గేదె, మంచం మీద పడుకున్న మా ఆయన. మూడూ రెండు కెమెరాలతో తీశాను.

క్లిక్: పది అడుగుల అవతల ఉన్నది ఏదైనా దానికి ఒకటే. గేదె అని లేదు, కలెక్టరు అని లేదు. వెనక ఎర్ర కిటికీలో అంకె చూసుకుని తిప్పుకోవాలి. పన్నెండుతో సరి.

ఎక్స్‌ఎ: అద్దంలోంచి చూస్తే మధ్యలో చిన్న చదరం, అందులో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు కింది మీట జరుపుతూ ఉంటే ఇద్దరూ వచ్చి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. అప్పుడు నొక్కాలి. మా ఆయన సాంబమూర్తిగారు ఇద్దరయ్యేసరికి గుండె గుభేలుమంది. ఒక్కరితోనే వేగలేకపోతున్నాను.

కొత్తదానితో తీసినప్పుడు ఆయనకు మెలకువ రాలేదు. ఎర్ర బొత్తాం మీద వేలు ఆనిందో లేదో, పని అయిపోయింది, చీమ చిటుక్కుమన్నంత. క్లిక్ టక్కుమనగానే ఉలిక్కిపడి లేచి, రాజ్యం, గొళ్లెం పడిందా అన్నారు.

20 నవంబరు, శుక్రవారం

రెండు కెమెరాలూ బడికి తీసుకెళ్లాను. పిట్లం బస్సు దిగి కాలువ గట్టు వెంట ఇరవై నిమిషాలు నడిస్తే తండా. బడి ఒకటే గది, టీచరును నేనొక్కదాన్నే. పిల్లలు ఇరవై రెండు మంది, వానాకాలం నాట్లకు పోయినప్పుడు ఏడుగురు.

వరసగా నిలబెట్టి క్లిక్‌తో తీశాను. టక్కుమనగానే అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి నవ్వారు. తర్వాత కొత్తది తీశాను. అయిపోయింది పొండి అన్నాను. కదల్లేదు. బుగ్గలు పూరించుకుని అలాగే నిలబడ్డారు. ఇంకా కొట్టలేదు కదా టీచరమ్మా అంటారు. కెమెరా దగ్గరికి తెచ్చి చూపించినా నమ్మలేదు. మనిషికి ఫోటో అయిపోయిందని చెప్పేది ఆ చప్పుడే అని నేనెప్పుడూ అనుకోలేదు. హరనాథకు రాయాలి, మార్కు నాకే.

బడి ఊడ్చి నీళ్లు తెచ్చిపెట్టే దేవీబాయి గడపలో నిలబడి ఇదంతా చూసింది.

23 నవంబరు, సోమవారం

దేవీబాయి ఇవాళ అడిగింది. పిల్లగాండ్ల ఫోటో దింపితివి, నన్నూ మా ముసలోన్నీ దింపరాదు టీచరమ్మా అంది. దానికేం, నువ్వు ఇప్పుడే నిలబడు అన్నాను. గట్ల కాదు, ఇద్దరం జోడి కూసుంటం, గివన్నీ ఒంటి మీద ఉన్నప్పుడే దించాలె అంది. అంటూ మోచేతి పైన ఉన్న తెల్ల గాజుల్ని ఒకసారి పైకి తోసుకుంది.

గివన్నీ ఎప్పుడు లేవు? నేను వచ్చిన ఈ ఆరేళ్లలో అవి లేకుండా ఆమెను చూడలేదు. భుజం దాకా తెల్ల గాజులు, చెంపల మీద జుట్టుకు కట్టిన వెండి గుత్తులు. నడిస్తే గలగలమంటాయి. ఆమె బడికి వస్తోందని పిల్లలకు నాకన్నా ముందు తెలుస్తుంది. బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆమె మొగుడు భోజ్యాకు కడుపులో గడ్డ. నిజామాబాద్ పెద్ద దవాఖానలో చూసి, చేయి దాటిపోయింది ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వీళ్లలో మొగుడు పోతే ఆ రోజే గుత్తులు విప్పేస్తారు, మోచేతి పై గాజులు తీసేస్తారు. మళ్లీ ఈ జన్మకు వేసుకోరు. నలభై ఏళ్ల కాపురానికి ఒక్క ఫోటో లేదు. ఉంటే ఇప్పుడే ఉండాలి.

ఆమె ఆ మాట నోటితో అనదు. నేనూ అనలేదు. ఆదివారం వస్తానన్నాను.

29 నవంబరు, ఆదివారం

వెళ్లలేదు. ఆడపడుచు శాంతకుమారి వాళ్లు దిగారు. మూడు వాయిల గారెలు.

2 డిసెంబరు, బుధవారం

దేవీబాయి ఎందుకు రాలేదని అడగలేదు. బిందె మాత్రం దించవలసిన దానికన్నా గట్టిగా దించింది. మధ్యాహ్నం ఆమె కోడలు రూప్లి చెప్పింది: మామ ఆదివారం పొద్దుగాల్నే నెత్తికి రుమాలు సుట్టుకొని, పొద్దుగూకేదాక గోడకు ఒరిగి కూసున్నడు, ఇప్పమంటె ఇప్పలే.

సిగ్గేసింది. గారెలు వాళ్లే వండుకునేవాళ్లు.

6 డిసెంబరు, ఆదివారం, సాయంత్రం

వెళ్లాను. తీశాను.

బయట ఎండలో మంచం వేయండి అన్నాను. రూప్లి తల అడ్డంగా ఊపింది. భోజ్యా ఇప్పుడు మంచం దిగలేడు. ఇల్లు చీకటి గుయ్యారం, వెలుతురు వచ్చేది ఒక్క వాకిలి నుంచే. క్లిక్‌కు అది కుదరదు, దానికి ఎండ కావాలి. ఎక్స్‌ఎ మూత తీసి చూశాను. లోపల ముల్లు 15 దగ్గర, అంటే సెకనులో పదిహేనో వంతు దగ్గర ఆగింది. చేయి వణక్కుండా ఉంటే పడుతుందని పుస్తకంలో చదివాను. ఇక్కడ మాత్రం హరనాథ గెలిచాడు, పదికి పది మార్కులు. అసలు ఆ కెమెరా చేతిలో లేకపోతే నేను ఏం చేసేదాన్ని?

భోజ్యాను లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు పట్టారు. ఎర్ర రుమాలు. కొత్తగా ఉతికిన తెల్ల చొక్కా, లోపల మనిషి లేనట్టు వేలాడుతోంది. దేవీబాయి అతని పక్కన, నాకు ఎడమ వైపున కూర్చుంది. అద్దాల రవిక, అద్దాల ఓణీ, గుత్తులు తోమి పెట్టుకుంది, గాజులు బూడిదతో రుద్ది కడిగింది. అతను పక్కకు ఒరిగిపోతుంటే ఆమె జబ్బ ఆనించింది. అతను ఆ జబ్బను పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే నిటారుగా కూర్చోగలిగాడు.

నేను బోర్లించిన గంప మీద మోచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఇద్దరు భోజ్యాలను ఒక్కడిని చేసి నొక్కాను. మళ్లీ నొక్కాను. మూడోసారి కూడా. 31, 32, 33. మూడూ బాగా వచ్చి ఉంటాయి. నాకు తెలిసిపోయింది.

అయిపోయింది, పడుకోబెట్టండి అన్నాను. దేవీబాయి కదల్లేదు. ఏడ అయింది, సప్పుడే రాలే అంది. దీనికి చప్పుడు ఉండదు, చాలా మంచి కెమెరా అన్నాను. గట్లెట్ల, పిల్లగాండ్లను దింపినప్పుడు టక్కుమనలే? గదాంతోని దియ్ అంది. భోజ్యా కూడా ఏదో అన్నాడు వాళ్ల భాషలో. రూప్లి నవ్వి చెప్పింది: ఉత్తదే సూపిచ్చి పోతున్నవంటుండు మామ, టక్కుమన్నదే ఫోటో అంటుండు.

ఆ మనిషికి కూర్చునే ఓపిక రెండు నిమిషాలు కూడా లేదు. వాదించడం దేనికని సంచిలోంచి క్లిక్ తీసి, మబ్బు గుర్తు పెట్టి, వాకిలి బయటికి వెళ్లి అక్కణ్నుంచి నొక్కాను. ఏమీ పడదని తెలుసు. టక్ అంది. ఇద్దరూ ఊపిరి వదిలారు. భోజ్యా డబ్బాను చూసినప్పటి నుంచే నవ్వుతున్నాడు, పళ్లు కనపడుతున్నాయి. అప్పుడు కొత్తదాన్ని తీసి ఆ నవ్వును పట్టి ఉండాల్సింది. తోచలేదు.

ఎర్ర కిటికీలో 8 నుంచి 9కి తిప్పాను. ఒక ఫోటో వృథా.

10 డిసెంబరు, గురువారం

భోజ్యా గంజి కూడా మానేశాడట. దేవీబాయి చీపురు పట్టుకునే అడిగింది, ఎప్పటికి అస్తది ఫోటో అని. అతనికి చూపించాలని. మావారి ఆఫీసులో ఒకాయన సోమవారం హైదరాబాద్ వెళ్తున్నారు, ఆయన చేతికి ఇస్తానన్నాను. రంగుల ఫిల్ము ఇక్కడ ఎవరూ కడగరు.

13 డిసెంబరు, ఆదివారం, సాయంత్రం నాలుగు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మిగిలిన మూడు ఫోటోలూ పెరట్లో బంతిపూల మీద ఖర్చు పెట్టాను. 36 దాటాక చక్రం తిరగలేదు. అయిపోయిందన్నమాట. వసారాలో మెట్టు మీద కూర్చున్నాను. పన్నెండేళ్లుగా అక్కడే కూర్చుని రోలు తీస్తాను. క్లిక్‌లో ఫిల్ము అయిపోతే చివరి దాకా తిప్పేస్తే మొత్తం కాగితంతో సహా అవతలి కండెకు చుట్టుకుంటుంది. తలుపు తీసి, కండె బయటికి లాగి, కాగితం అంచు నాలుకతో తడిపి అంటించేయడమే. ఆ జిగురు కొద్దిగా తియ్యగా ఉంటుంది. చిన్నప్పుడు హరనాథ, నేను అంటిస్తా నేను అంటిస్తా అని ఏడ్చేవాడు.

మీద ఉన్న బొత్తాం పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంది. నేను కాగితం అంచు కోసం చూశాను.

కాగితం లేదు.

గోధుమరంగు ఫిల్ము నిగనిగలాడుతూ ఉంది, బట్టల్లేకుండా. పశ్చిమ ఎండ దాని మీద పడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. నాలుక బయట పెట్టి ఉన్నానని తర్వాత తెలిసింది. ఎంతసేపు చూశానో తెలియదు, పదో పదిహేనో అంకెలు లెక్కపెట్టేంత. అప్పుడు మూశాను.

అదే రోజు, ఆరున్నర

ఇరవై నాలుగో పేజీ. ఫిల్ము అయిపోయాక అడుగున ఉన్న బొత్తాం నొక్కి, మీట తిప్పి, ఫిల్మును మళ్లీ డబ్బీలోకి చుట్టాలి. అప్పటిదాకా వెనక తలుపు తెరవరాదు. లావు అక్షరాలు. చుట్టూ గీత.

ప్రశ్న మొత్తం చదవకుండా జవాబు రాసేవాళ్లచేత నేను గోడకుర్చీ వేయిస్తాను.

14 డిసెంబరు, సోమవారం

డబ్బీలోకి చుట్టి పంపాను. ఏమైనా మిగిలితే మిగులుతుంది.

17 డిసెంబరు, గురువారం

బస్సు దిగేసరికి గట్టు మీద రూప్లి కూర్చుని ఉంది. మామ తెల్లారంగ పోయిండు, ఇయ్యాల బడి లేదు అని చెప్పడానికి వచ్చిందట. తిరుగు బస్సు రెండు గంటలకు గాని లేదు. తండాకు వెళ్లాను.

ఆడవాళ్లంతా దేవీబాయి చుట్టూ ఉన్నారు. పెద్దావిడ ఒకతె చెంపల మీది గుత్తులు విప్పుతోంది. గాజులు తేలిగ్గా రాలేదు. నలభై ఏళ్లలో చెయ్యి లావైంది, గాజులు అలాగే ఉన్నాయి. నూనె రాశారు. కొన్ని వచ్చాయి, కొన్ని పగలగొట్టారు. దేవీబాయి ఏడుస్తూ మధ్యలో నన్ను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

29 డిసెంబరు, మంగళవారం

దేవీబాయి పనిలోకి వచ్చింది. వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు, చప్పుడు లేదు. పిల్లలు అల్లరి చేస్తూనే ఉన్నారు, ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాక గాని గమనించలేదు. మోచేతుల పైన గాజులున్నంత మేరా చర్మం పాలిపోయి, గీతలు గీతలుగా, పసిపిల్ల ఒళ్లులా ఉంది. ఓణీ కప్పుకుంటోంది. ఊడ్చేటప్పుడు జారితే మళ్లీ లాగి కప్పుకుంటోంది.

ఫోటో అడిగింది. హైదరాబాద్‌లో ఉంది అన్నాను. అబద్ధం కాదు.

11 జనవరి 1982, సోమవారం

హైదరాబాద్ నుంచి వచ్చింది. మొదటి తొమ్మిది బాగున్నాయి. తూము, గేదె, మా ఆయన నోరు తెరిచి నిద్రపోవడం, అన్నీ రంగుల్లో. గేదె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత బాగా తీసింది కెమెరా. పదోది సగం. అక్కడి నుంచి నెగటివ్ అంతా బొగ్గు. 31, 32, 33 బొగ్గు.

ల్యాబులో పాడైపోయిందని చెప్పేయమన్నారు మా ఆయన. హైదరాబాదు వాళ్లను తిట్టుకుని ఊరుకుంటుంది, నీ మీదికి రాదు అన్నారు. మంచి ఉపాయమే. రాత్రి అన్నం సయించలేదు.

18 జనవరి, సోమవారం

చెప్పేశాను. పిల్లలు వెళ్లాక, గది తాళం వేసే ముందు. నేనే తలుపు తీశాను, వెలుతురు పడి మాడిపోయింది, తప్పు నాదే, కెమెరాది కాదు, ఇంకెవరిదీ కాదు అన్నాను. వరసగా అన్నాను, మధ్యలో ఆగితే మిగతాది అనలేనని.

తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా, కాని నేను అనుకున్నదానికి కాదు. చేతుల పని, అయితది, నేను రొట్టె మాడ్సనా అంది. గని నెల దినాలు ఎందుకు తిప్పితివి? ఎప్పుడాయె గిది? ముసలోడు ఉన్నప్పుడేనా? ఉన్నప్పుడే, నాలుగు రోజుల ముందు అన్నాను. గప్పుడే చెప్తె అయిపోవు, నువ్వు మల్ల దింపుదువు, వాడు మల్ల కూసుంటుండె, నాలుగు దినాలుండె గదా నీకు అంది. దేవుని బిడ్డ లెక్క ముచ్చట చెప్తివి, లోపట గీ కథ పెట్టుకుంటివి అంది. చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు. ఆదివారం సాయంత్రం నుంచి గురువారం తెల్లవారుజాము దాకా. బడికి వెళ్లాను, వచ్చాను, బీరకాయ పచ్చడి చేశాను. క్లిక్‌లో నాలుగు ఫోటోలకు ఫిల్ము ఉంది. మంచాన్ని నలుగురు మోసి వాకిట్లోకి తెస్తే ఎండ ఉంది. ఇవేవీ నాకు తట్టలేదు. నేను దొరికిపోతానన్న భయం తప్ప ఇంకేమీ తట్టలేదు.

20 జనవరి, బుధవారం

రాలేదు. నేనే ఊడ్చాను.

22 జనవరి, శుక్రవారం

వచ్చింది. నీళ్లు పెట్టి, తిరిగి వెళ్తూ గడపలో ఆగింది. ఇంకోటి ఉండె గదా, టక్కుమన్నది, గదేమాయె అంది.

అందులో ఏమీ ఉండదు దేవీబాయ్, అది చీకట్లో పనిచేయదు, నువ్వు అడిగావని ఊరికే నొక్కాను అన్నాను.

నువ్వు సూసినవా అంది.

చూడలేదు. ఆ రోలు ఇంకా డబ్బాలోనే ఉంది, బీరువాలో, చీరల కింద. ఏమీ ఉండదని నాకు ముందే తెలుసు కనుక చూడలేదు. ఇరవై నాలుగో పేజీలో కూడా ఏమీ ఉండదనే అనుకున్నాను.

24 జనవరి, ఆదివారం

మిగిలిన నాలుగు ఫోటోలూ గోడ మీద నొక్కేసి, తిప్పి, నాలుకతో అంటించి, బస్టాండు ఎదుటి స్టూడియో లింగం దగ్గరికి పట్టుకెళ్లాను. రెండు గంటల తర్వాత రమ్మన్నాడు. నేను బెంచీ మీదే కూర్చున్నాను.

తడి ఫిల్ము పట్టుకుని వచ్చాడు. అక్కా, గీ ఎనిమిదోదాంట్ల ఏం లేదు, గిలాస లెక్క తెల్లగున్నది, కాయిదం ఖరాబు చేసుడెందుకు అన్నాడు. వెలుతురుకు పట్టి చూశాను. నిజమే, అద్దంలోంచి బజారు కనిపించినట్టు ఆర్టీసీ బస్సు కనిపించింది. సరేలే అని లేచాను.

ఆగక్క ఆగు అన్నాడు లింగం. నెగటివ్‌ను గొడుగు నల్లగుడ్డ మీద పరిచి, కొద్దిగా పక్కకు వంచి, తల వంచి చూశాడు. నన్ను కూడా అలా తల వంచి చూడమన్నాడు. నల్లగుడ్డ మీద ఏదో తెల్లగా మెరిసింది.

గీన్ని నేను ఇయ్యాల ఇడ్వను అన్నాడు. మూడు కాగితాలు పాడు చేశాడు. నాలుగోది గట్టి రకం కాగితమట, దాని మీద వచ్చింది.

ముఖాలు లేవు. ఇద్దరివీ లేవు. ఫోటో అంతా కుండ అడుగులా నలుపు. ఆ నలుపులో వాకిలి వెలుతురు తగిలినవి మాత్రం ఉన్నాయి. రెండు వెండి గుత్తులు, మధ్యలో ముఖం ఉండాల్సినంత ఖాళీ. రవిక మీద అద్దాలు, చుక్కలు చుక్కలుగా. కుడి పక్క చొక్కా కాలరు, దాని పైన అడ్డంగా తెల్లటి గీత ఒకటి. అది ఏమిటో లింగానికి తెలియలేదు. నాకు తెలుసు, భోజ్యా పళ్లు. కింద వరసగా గాజులు. అన్నిటికన్నా బాగా వచ్చినవి అవే, ఒక్కొక్కటీ విడిగా. ఆ తెలుపు ఒకచోట తెగి ఉంది. అడ్డంగా నాలుగు నల్లటి గీతలు.

ఆ నాలుగు గీతలేమిటక్కా, నెగటివ్ మీద గీకుడా అని లింగం అడిగాడు. కాదు అన్నాను.

25 జనవరి, సోమవారం

దేవీబాయికి ఇచ్చాను. ముఖాలు రాలేదు, ముందే చెబుతున్నాను అన్నాను. ఆమె తీసుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతురుకు పట్టుకుంది. తిప్పి పట్టుకుంది. మళ్లీ సరిగ్గా పట్టుకుంది. నేను బోర్డు తుడుస్తున్నాను, తుడిచిందే తుడుస్తున్నాను.

చాలాసేపటికి వేలు పెట్టింది. గాజుల మీద, తెలుపు తెగిన చోట. గివి వాని వేళ్లు అంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వాళ్ల భాషలో లెక్కపెట్టింది. బొటనవేలు ఎన్కకున్నది, గది కనవడది అంది. ఓణీలోంచి చెయ్యి బయటికి తీసి, జబ్బ మీద అదే చోట తన వేళ్లు వేసి పట్టుకుంది. గట్టిగా పట్టె గదా ఆ దినం, నొప్పి లేసింది నాకు, సచ్చేటోనికి గంత బలమేడిదో అంది.

ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మూడో తరగతి వాళ్లు ఎక్కాలు ఆపేసి చూశారు.

గోడకు పెట్టదట. పెట్టెలో గాజు ముక్కలు మూటకట్టి ఉన్నాయట, వాటితో పెడుతుందట.

1 ఫిబ్రవరి, సోమవారం

హరనాథకు కెమెరా పంపించేశాను. చీటీ పెట్టాను: నీదే మంచిది. పందెం నువ్వే గెలిచావు. డబ్బా పారేయను.

క్లిక్‌లో కొత్త రోలు వేశాను. దేవీబాయి బడి మెట్టు మీద ఎండలో కూర్చుంది, తనే అడిగి. ఓణీ వెనక్కి వేసుకుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది, కప్పుకోలేదు.

ఎర్ర కిటికీలో 1.

టక్.